పట్టేసిన భుజం, 12 సెషన్ల లెక్క

గత ఏడాది సెప్టెంబరులో ఒక ఉదయం జడ వేసుకోబోతే నా ఎడమ చేయి చెవి దాటి వెనక్కి వెళ్ళలేదు. రాత్రి ఒత్తిగిలి పడుకోవడం వల్ల పట్టేసిందేమో అనుకుని వారం రోజులు కాపడం పెట్టుకున్నాను. రెండో వారానికి రవిక హుక్కు అందలేదు. మూడో వారంలో కారు వెనక సీటు మీది సంచీ అందుకోబోయి, నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగి, బండి ఆపిన చోటే పది నిమిషాలు కదలకుండా కూర్చుండిపోయాను. అక్టోబరు మధ్యలో మా జీపీ సర్జరీలోని, అంటే మా ఫ్యామిలీ డాక్టరు క్లినిక్‌లోని ఫిజియోథెరపిస్టు నా మోచేతిని నడుముకు ఆనించి పట్టుకుని, ముంజేతిని బయటి వైపు తిప్పి చూసి, అది ఏ మాత్రం తిరగకపోవడం గమనించి, దీన్ని ఫ్రోజన్ షోల్డర్ అంటారని చెప్పారు.

ఆ తరువాతి ఆరు నెలల్లో నేను ఆ భుజం గురించి ఎంత నేర్చుకున్నానో, దానికి డబ్బు ఎవరు కట్టాలన్న విషయం గురించి అంతకు రెట్టింపు నేర్చుకోవలసి వచ్చింది. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన తెలుగమ్మాయి ఒకరు, తన మోకాలి నొప్పి సంగతి చెబుతూ, "అక్కా, కంపెనీ ఇన్సూరెన్స్ ఉండగా ఫిజియోకి మీరెందుకు చేతి డబ్బు పెట్టుకున్నారు?" అని అడిగింది. మధ్యాహ్న భోజన విరామంలో చెప్పి ముగించగలిగిన జవాబు కాదది. బ్రిటన్‌లో మనవాళ్ళు చాలామంది ఇదే చోట తికమక పడుతున్నారని నాకు తెలుసు కనుక, ఆ అమ్మాయికి చెప్పిందంతా ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా రోగం గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఖర్చు లెక్క అంతా దాని స్వభావం మీదే ఆధారపడి ఉంది. భుజం కీలు చుట్టూ ఉండే సంచీ వంటి పొర వాచి, మందమై, బిగుసుకుపోవడమే ఫ్రోజన్ షోల్డర్. 40 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసులో, మగవారికంటే ఆడవారిలో, మధుమేహం ఉన్నవారిలో మరింత ఎక్కువగా కనిపిస్తుంది. మొదట నొప్పి, తరువాత బిగుతు, చివర నెమ్మదిగా సడలింపు అన్న మూడు దశలు గడిచేసరికి సాధారణంగా ఏడాది నుంచి మూడేళ్ళు పడుతుంది. అంటే ఇది ఒక్క బిల్లుతో తీరిపోయే వైద్యం కాదు. 50 పౌండ్లు, మళ్ళీ 50 పౌండ్లు, మళ్ళీ 50 పౌండ్లు అంటూ నెలల తరబడి సాగే ఖర్చు. ఈ రోగానికి ఏ చికిత్స మేలన్న విషయం మీద బ్రిటన్‌లోని 35 ఆసుపత్రులలో, 503 మంది రోగులతో యూకే ఫ్రాస్ట్ అనే పెద్ద పరిశోధన జరిగింది. దాని ఫలితాలు 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మత్తు ఇచ్చి భుజాన్ని తిప్పి సడలించడం, కీహోల్ శస్త్రచికిత్సతో ఆ పొరను విడదీయడం, స్టెరాయిడ్ ఇంజెక్షనుతో పాటు క్రమబద్ధమైన ఫిజియోథెరపీ, ఈ మూడింటిలో ఏడాది తిరిగేసరికి ఏ ఒక్కటీ మిగిలినవాటి కంటే చెప్పుకోదగినంత మెరుగని తేలలేదు. ఆ పరిశోధనలో ఫిజియోథెరపీ వంతు వచ్చినవారికి 12 సెషన్ల వరకు ఇచ్చారు. నేను ఆ 12 అన్న సంఖ్యను పట్టుకున్నాను. మా ఊరు లీడ్స్‌లో నేను ఎంచుకున్న క్లినిక్‌లో మొదటి సెషను 60 పౌండ్లు, ఆ తరువాత ఒక్కొక్కటి 50 పౌండ్లు. 12 సెషన్లకు 610 పౌండ్లు.

ఎన్‌హెచ్‌ఎస్, అంటే బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఉండగా ప్రైవేటుకు ఎందుకు వెళ్ళాలన్నది ఎవరైనా అడగవలసిన ప్రశ్నే. ఉద్యోగ వీసా మీద వచ్చిన మనవాళ్ళు పెద్దలైతే 2024 ఫిబ్రవరి 6 నుంచి సాధారణంగా ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున, ఈ సేవను వాడుకునేందుకు హెల్త్ సర్‌చార్జి ముందుగానే చెల్లించి వస్తున్నారు. ఎన్‌హెచ్‌ఎస్ ఫిజియోథెరపీ వారికి ఎవరూ చేసే దయ కాదు, హక్కు. చాలా ప్రాంతాల్లో జీపీని కలవకుండానే ఆన్‌లైన్‌లో మనమే పేరు నమోదు చేసుకోవచ్చు కూడా. నేనూ రోగం పేరు తెలిసిన రోజే నమోదు చేసుకున్నాను. అయితే నాకు వచ్చిన ఉత్తరంలో మొదటి అపాయింట్‌మెంటుకు సుమారు 14 వారాలు పడుతుందని ఉంది. ఇంగ్లండులో అందరూ చెప్పుకునే 18 వారాల గడువు స్పెషలిస్టు డాక్టర్ల ఆధ్వర్యంలో జరిగే చికిత్సకు సంబంధించినది. సమాజ ఆరోగ్య సేవల కింద నడిచే ఫిజియోథెరపీకి ఆ గడువు సాధారణంగా వర్తించదు. నొప్పి తొలి దశలో 14 వారాలు ఎదురుచూడటానికి నా మనసు ఒప్పుకోలేదు. ఎన్‌హెచ్‌ఎస్ వరుసలో పేరు ఉంచుకుంటూనే ప్రైవేటుకు వెళ్ళవచ్చు, ఒకటి ఎంచుకుంటే మరొకటి పోదు. ఈ మాట తెలియక ప్రైవేటులో చేరగానే ఎన్‌హెచ్‌ఎస్ అపాయింట్‌మెంటు రద్దు చేసుకున్నవారిని ఇద్దరిని చూశాను. దయచేసి అలా చేయకండి.

నా చేతిలో అప్పటికి రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి కంపెనీ తరఫున వచ్చిన ప్రైవేటు మెడికల్ ఇన్సూరెన్స్ పాలసీ. రెండోది, పళ్ళకూ కళ్ళజోళ్ళకూ పనికి వస్తుందని రెండేళ్ళుగా నెలకు 16 పౌండ్ల చొప్పున నేనే కట్టుకుంటున్న క్యాష్ ప్లాన్. రెండింటినీ నేను అన్నేళ్ళూ ఒకే జాతి వస్తువులుగా, ఒకటి పెద్దది, ఒకటి చిన్నదిగా భావించాను. ఆ భావన తప్పు. ఇన్సూరెన్సు ఒక రోగం పుట్టిన దగ్గర నుంచి దాని చరిత్ర అడిగి, అది తన బాధ్యతా కాదా అని తేల్చి, తేలితే చికిత్స ఖర్చు నేరుగా భరిస్తుంది. క్యాష్ ప్లాన్ రోగాన్ని తూకం వేయదు, రసీదు చూస్తుంది; ఒక్కొక్క రకం ఖర్చుకు ఏడాదికి ఇంత అని ముందే రాసుకున్న పరిమితి మేరకు మనం కట్టిన డబ్బులో కొంత భాగం లేదా మొత్తం వెనక్కి ఇస్తుంది. వీటి పుట్టుకలోనే ఆ తేడా ఉంది. 1873లో లండన్‌లో మొదలైన హాస్పిటల్ సాటర్‌డే ఫండ్ వంటి సంస్థలు, శనివారం జీతం అందుకునే కార్మికులు తలా కొన్ని పెన్నీలు వేసి ఆసుపత్రులను నిలబెట్టుకునేందుకు ఏర్పడినవి. 1948 జూలై 5న ఎన్‌హెచ్‌ఎస్ వచ్చి ఆసుపత్రి వైద్యం ఉచితమయ్యాక, అటువంటి నిధులు రోజువారీ చిన్న ఖర్చుల వైపు, అంటే పళ్ళు, కళ్ళద్దాలు, ఫిజియోథెరపీ వైపు మళ్ళాయి. చిన్న మొత్తాలు, తరచుగా, పెద్ద ప్రశ్నలు లేకుండా ఇవ్వడం వాటికి మొదటి నుంచీ అలవాటైన పని.

నేను ముందుగా ఇన్సూరెన్సు కంపెనీకే ఫోన్ చేశాను. ఫోన్ తీసినవారు మర్యాదగా మాట్లాడారు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ చేయి, ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా అని అడిగి, నా పాలసీ మారటోరియం పద్ధతిలో ఉంది కనుక జీపీ నుంచి సమాచారం తెప్పించుకోవాలని చెప్పారు. ఈ మారటోరియం అన్న మాటను అర్థం చేసుకోవడం చాలా ముఖ్యం. ఈ పద్ధతిలో పాలసీలో చేరేటప్పుడు మన ఆరోగ్య చరిత్ర ఎవరూ అడగరు, అందువల్ల చేరడం చాలా తేలిక. కానీ చేరడానికి ముందు అయిదేళ్ళలో మనకు ఉన్న ఏ బాధనైనా, ఏ లక్షణాన్నైనా, చేరాక వరుసగా రెండేళ్ళపాటు దానికి మందూ, సలహా, లక్షణం ఏవీ లేకుండా గడిస్తే తప్ప, సాధారణంగా పాలసీ కిందికి రానివ్వరు. చేరే రోజున అడగవలసిన ప్రశ్నలన్నీ క్లెయిమ్ చేసిన రోజున అడుగుతారన్న మాట. నేను ఆ పాలసీలో చేరి అప్పటికి ఏడాదిన్నర.

ఫారం మీద సంతకం చేసి పంపాను. మూడు వారాల తరువాత, నవంబరు మధ్యలో, క్లెయిమ్ అంగీకరించలేమని ఉత్తరం వచ్చింది. కారణం నా జీపీ రికార్డులో ఉన్న ఒక్క వాక్యం. నాలుగేళ్ళ క్రితం ఇల్లు మారినప్పుడు సామాను మోసి మెడా భుజమూ నొప్పి పుడితే, వేరే పని మీద డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు మాటల్లో ఆ సంగతి చెప్పాను. ఆయన దాన్ని రెండు వారాలుగా భుజం నొప్పి అని రాసుకున్నారు. పారాసెటమాల్ వేసుకోమన్నారు, నాలుగు రోజుల్లో తగ్గిపోయింది, నేను మరిచిపోయాను. అది కుడి భుజం. ఇప్పుడు పట్టేసింది ఎడమ భుజం. జీపీ సర్జరీ వారు పంపిన సారాంశంలో ఏ వైపు అన్నది లేదు.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది, దాన్ని దాచుకోదలచుకోలేదు. 1988 నాటి యాక్సెస్ టు మెడికల్ రిపోర్ట్స్ చట్టం ప్రకారం, ఇన్సూరెన్సు కోసం మన జీపీ రాసే రిపోర్టును అది వెళ్ళకముందే మనం చూసే హక్కు ఉంది. అందులో తప్పో, తప్పుదారి పట్టించే మాటో ఉంటే సరిదిద్దమని రాతపూర్వకంగా అడిగే హక్కు కూడా ఉంది. ముందుగా చూడాలనుకుంటే టిక్ పెట్టండి అని నేను సంతకం చేసిన ఫారంలోనే ఒక గడి ఉంది. ఆలస్యమవుతుందేమోనన్న తొందరలో దాన్ని ఖాళీగా వదిలేశాను. చూడాలని కోరితే అందుకు మనకు 21 రోజుల గడువు ఉంటుంది, అంతకాలం వాడుకోనక్కరలేదు, ఒక్క రోజు సరిపోయేది. ఆ ఒక్క రోజు మిగుల్చుకోబోయి రెండు నెలలు పోగొట్టుకున్నాను.

ఈలోగా నొప్పి ఆగలేదు కనుక, నవంబరు మొదటి వారంలోనే ప్రైవేటు ఫిజియో దగ్గర మొదటి సెషను పూర్తి చేసి నా డబ్బే కట్టాను. ఆ రసీదును ఫోటో తీసి క్యాష్ ప్లాన్ వారి యాప్‌లో పెట్టాను. నాలుగో రోజు 45 పౌండ్లు నా ఖాతాలో పడ్డాయి. ఎవరూ ఏ చేయి అని అడగలేదు. నా ప్లాన్‌లో ఫిజియోథెరపీకి కట్టినదాంట్లో 75 శాతం ఇస్తారు, ఏడాదికి మొత్తం 350 పౌండ్లు దాటకుండా; ఆ 350లోనే ఆస్టియోపతీ, కైరోప్రాక్టిక్, ఆక్యుపంక్చర్ కూడా వాటా పంచుకుంటాయి. పాత బాధలను మినహాయించే క్యాష్ ప్లాన్లు కూడా ఉన్నాయి, చేరిన తరువాత కొన్ని నెలలు ఆగాకే క్లెయిమ్ చేయనిచ్చేవీ ఉన్నాయి; నొప్పి మొదలైన తరువాత హడావుడిగా చేరబోయేవారు ఆ రెండు విషయాలూ ముందుగా చదువుకోవాలి. నాది అప్పటికే రెండేళ్ళ పాతది కావడం నా అదృష్టం.

మొదటి సెషనుకు 45, తరువాత ఒక్కొక్కదానికి 37.50 చొప్పున లెక్క వేస్తే, తొమ్మిది సెషన్లకు 345 పౌండ్లు వెనక్కి వస్తాయి. పదో సెషనుకు మిగిలేది అయిదు పౌండ్లే. ఈ లెక్కను నేను డిసెంబరులో ఒక రాత్రి కాగితం మీద వేసి, మరునాడు మా ఫిజియోకు చూపించాను. డబ్బు గురించి వైద్యులతో మాట్లాడటానికి మనం మొహమాటపడతాం. ఆమె మాత్రం ఏ మాత్రం నొచ్చుకోకుండా, నొప్పి ప్రధానంగా ఉన్న దశలో తరచుగా రావడం వల్ల పెద్దగా లాభం లేదని, ఇంటి దగ్గర రోజూ చేసుకునే వ్యాయామాలే ముఖ్యమని, క్రిస్మస్ తరువాత రెండు మూడు వారాలకు ఒకసారి కలిస్తే చాలని చెప్పారు. నా ప్లాన్ సంవత్సరం మార్చి 1న మళ్ళీ మొదలవుతుంది, ఆ రోజుతో 350 పౌండ్ల పరిమితి కూడా కొత్తగా వస్తుంది. తొమ్మిది సెషన్లు ఫిబ్రవరి లోపల, మిగిలిన మూడు మార్చి తరువాత అని ఇద్దరం కలిసి నిర్ణయించుకున్నాం. చివరికి 610 పౌండ్లలో 457.50 వెనక్కి వచ్చాయి, నా చేతి నుంచి పోయినది 152.50. పన్నెండూ ఒకే ప్లాన్ సంవత్సరంలో పడి ఉంటే 260 పోయేది. చికిత్సకు అడ్డు రానంతవరకు తేదీలు ఇలా సర్దుకోవడంలో తప్పేమీ లేదు. అడ్డు వచ్చే పక్షంలో మాత్రం 107.50 పౌండ్ల కోసం భుజాన్ని పణంగా పెట్టకూడదు. నా ప్లాన్‌లో చూసేది చికిత్స జరిగిన తేదీ, రసీదు పంపిన తేదీ కాదు. ఆరు సెషన్లకు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామని క్లినిక్ వారు అడిగినప్పుడు నేను ఒప్పుకోకపోవడానికి అదే కారణం: ముందుగా కట్టిన డబ్బుకు, ఆ సెషను నిజంగా జరిగేవరకు, ప్లాన్ వారు ఏమీ ఇవ్వరు. మనం వెళ్ళకుండా మానేసిన అపాయింట్‌మెంటుకు క్లినిక్ వసూలు చేసే రుసుము ఎవరూ ఇవ్వరు.

రసీదు విషయంలో మరో జాగ్రత్త ఉంది. బ్రిటన్‌లో ఫిజియోథెరపిస్టు అన్న పేరు చట్టం కాపాడే పేరు. హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్ రిజిస్టరులో ఉన్నవారు తప్ప మరొకరు ఆ పేరు పెట్టుకోకూడదు. ఆ రిజిస్టరును ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడవచ్చు. స్పోర్ట్స్ థెరపిస్టు అన్న పేరుకు అటువంటి చట్టబద్ధ రక్షణ లేదు. వారిలో మంచి నైపుణ్యం ఉన్నవారు చాలామంది ఉన్నారు, కానీ వారి రసీదును చాలా ప్లాన్లు తిప్పి పంపుతాయి. ఒకే క్లినిక్‌లో ఇద్దరూ ఉంటారు కనుక, బుక్ చేసుకునేటప్పుడే మనల్ని చూసేది ఎవరో అడగాలి. రసీదు మీద రోగి పేరు, చికిత్స తేదీ, అది ఫిజియోథెరపీ అన్న మాట, కట్టిన మొత్తం, ఫిజియో రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే ప్లాన్ వారు సాధారణంగా మారు మాట లేకుండా తీసుకుంటారు.

ఇన్సూరెన్సు తిరస్కరణను నేను అంతటితో వదిలేయలేదు. నవంబరు ఆఖరి వారంలో కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. ఆవేశంగా ఏమీ రాయలేదు. పాత నొప్పి కుడి వైపుదని జీపీ సర్జరీ వారు ఇచ్చిన ఒక చిన్న ఉత్తరం, ఫ్రోజన్ షోల్డర్ అన్నది కీలు పొరకు వచ్చే వేరే జబ్బని, బరువు మోస్తే వచ్చే కండరాల నొప్పితో దానికి సంబంధం లేదని మా ఫిజియో రాసిన మరో ఉత్తరం జతచేశాను. ఇటువంటి ఫిర్యాదుకు తుది జవాబు ఇవ్వడానికి ఇన్సూరెన్సు కంపెనీకి ఎనిమిది వారాల గడువు ఉంటుంది. ఆ లోపల జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఆర్థిక సంస్థల మీద ఫిర్యాదులను పరిష్కరించే ఫైనాన్షియల్ ఓంబుడ్స్‌మన్ సర్వీస్‌కు ఉచితంగా వెళ్ళవచ్చు. కంపెనీ తుది జవాబు పంపిన తేదీ నుంచి అందుకు ఆరు నెలల సమయం ఉంటుంది. నాకు అంత దూరం వెళ్ళవలసిన అవసరం రాలేదు. ఏడో వారంలో, నిర్ణయం మార్చుకున్నామని, అసౌకర్యానికి చింతిస్తున్నామని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం చదివినప్పుడు నాకు డబ్బు కంటే ముందు, నేను అబద్ధం చెప్పలేదని ఒకరు ఒప్పుకున్నారన్న ఊరట కలిగింది.

అయితే అప్పటికి ఏడు సెషన్లు పూర్తయ్యాయి, వాటికి క్యాష్ ప్లాన్ డబ్బు ఇచ్చేసింది. ఒకే ఖర్చును రెండు చోట్ల క్లెయిమ్ చేయకూడదు. పైగా ముందుగా అనుమతి నంబరు తీసుకోని సెషన్లకు ఇన్సూరెన్సు ఇవ్వదు. మా ఫిజియో ఆ ఇన్సూరెన్సు కంపెనీ గుర్తించిన నిపుణుల జాబితాలో లేరు కూడా. మిగిలిన సెషన్లకు వారి జాబితాలోని మరొకరి దగ్గరకు మారితే కట్టడానికి సిద్ధమన్నారు, దాని మీద ఏడాదికి 200 పౌండ్ల ఎక్సెస్, అంటే మొదటి 200 నేనే భరించాలి. మిగిలిన అయిదు సెషన్ల ఖరీదు 250. ఎక్సెస్ పోగా ఇన్సూరెన్సు నుంచి నాకు దక్కేది 50 పౌండ్లు, దానికోసం నా భుజాన్ని మూడు నెలలుగా ఎరిగిన మనిషిని వదులుకోవాలి. నేను మారలేదు.

కానీ ఆ అంగీకార పత్రం వృథా పోలేదు. జనవరి చివర నా ఎన్‌హెచ్‌ఎస్ అపాయింట్‌మెంటు వచ్చింది. అక్కడి ఫిజియో కూడా అవే వ్యాయామాలు కొనసాగించమని చెప్పి, నొప్పి ఇంకా నిద్ర పట్టనివ్వడం లేదని నేనంటే, భుజం స్పెషలిస్టును కలిస్తే మంచిదన్నారు. అప్పుడు ఇన్సూరెన్సును దాని అసలు పనికి వాడుకున్నాను. స్పెషలిస్టు సంప్రదింపు, అల్ట్రాసౌండ్ స్కాన్, స్కాన్ చూస్తూ కీలులోకి స్టెరాయిడ్, ఉప్పునీరు కలిపి ఎక్కించి బిగుసుకున్న పొరను లోపలి నుంచి సాగదీసే హైడ్రోడైలటేషన్ అనే ఇంజెక్షను, ఇవన్నీ ఫిబ్రవరిలో మూడు వారాల్లో జరిగిపోయాయి. నేను కట్టినది 200 పౌండ్ల ఎక్సెస్ మాత్రమే. నా పాలసీలో అవుట్‌పేషెంట్ ఖర్చులకు, అంటే ఆసుపత్రిలో చేరకుండా పొందే వైద్యానికి, ఏడాదికి 1,000 పౌండ్ల పరిమితి ఉంది. ఫిజియో సెషన్లు కూడా ఆ 1,000 లోనుంచే తీసి ఉంటే, ఈ స్కానుకూ ఇంజెక్షనుకూ చాలినంత మిగిలేది కాదని తరువాత గ్రహించాను. పాలసీ కొనేవారు ఎన్ని ఆసుపత్రులు జాబితాలో ఉన్నాయని చూస్తారు. ఫిజియో అవసరమయ్యే మనిషికి అంతకంటే ముఖ్యమైన ప్రశ్న, ఫిజియోథెరపీకి వేరే పరిమితి ఉందా, లేక అవుట్‌పేషెంట్ మొత్తంలోనే కలిసిపోయి ఉందా అన్నది. రెండో ప్రశ్న, ఎక్సెస్ ఒక్కొక్క రోగానికా, ఏడాదికా అన్నది. ఏడాదికి అయితే, పాలసీ తేదీ దాటి సాగిన ఒకే చికిత్సకు రెండుసార్లు కోత పడే అవకాశం ఉంది. జాబితాలో లేని ఫిజియో అయినా పరవాలేదని చెప్పే పాలసీలు కొన్ని ఉన్నా, అవి ఒక్కొక్క సెషనుకు ఇంతని గరిష్ఠ రుసుము పెట్టుకుంటాయి, ఆపై మొత్తం రోగి మీదే పడుతుంది.

ఇన్సూరెన్సు పాలసీల్లో అక్యూట్, క్రానిక్ అన్న రెండు మాటలు కూడా ఫిజియో దగ్గరే ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. చికిత్సతో తగ్గి మనిషి మునుపటి స్థితికి వచ్చే బాధను మొదటి రకంగా, ఎప్పటికప్పుడు చూసుకుంటూ ఉండవలసిన దీర్ఘకాలిక బాధను రెండో రకంగా లెక్కించి, రెండో రకానికి ఇవి సాధారణంగా ఇవ్వవు. కీళ్ళ అరుగుదల ఉన్న మా పరిచయస్తురాలు ఒకరికి ఆరు సెషన్ల తరువాత ఆ కారణంతోనే ఆపేశారు. ఆమె నడక మెరుగుపడుతున్న సమయంలో అలా ఆగిపోవడం నాకు చాలా బాధ కలిగించింది. నడవగలగడాన్ని నిలబెట్టుకోవడం కూడా చికిత్సేనని నేను గట్టిగా నమ్ముతాను, కానీ పాలసీ భాష అలా అనదు. అటువంటివారికి, పాత బాధలను మినహాయించని క్యాష్ ప్లానూ, ఎన్‌హెచ్‌ఎస్ వారి గ్రూపు వ్యాయామ తరగతులూ ఎక్కువ అక్కరకు వస్తాయి.

పన్ను సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈ రెండు రకాల ప్రీమియంల మీదా 2017 జూన్ నుంచి 12 శాతం ఇన్సూరెన్స్ ప్రీమియం ట్యాక్స్ ఉంది, అది మనం కట్టే మొత్తంలోనే కలిసి ఉంటుంది. కంపెనీ మన కోసం కట్టే ఇన్సూరెన్సు ప్రీమియాన్ని జీతంతో సమానమైన ప్రయోజనంగా లెక్కిస్తారు; మా కంపెనీ నాకోసం ఏడాదికి 720 పౌండ్లు కడుతుంది, 20 శాతం పన్ను పరిధిలో ఉన్న నాకు దానివల్ల 144 పౌండ్ల పన్ను పడుతుంది. కంపెనీ ఇచ్చింది కదా, ఉచితం అనుకోవడం సరికాదు. గాయం వల్లనో అనారోగ్యం వల్లనో వరుసగా 28 రోజులు పనికి రాలేనివారు తిరిగి పనిలో చేరేందుకు ఆక్యుపేషనల్ హెల్త్ నిపుణులు, అంటే ఉద్యోగుల ఆరోగ్యం చూసేవారు, సిఫారసు చేసిన చికిత్సకు, యజమాని ఏడాదికి 500 పౌండ్ల వరకు ఖర్చు పెడితే దాని మీద పన్ను ఉండదు. ఆ సందర్భంలో ఉన్నవారు హెచ్‌ఆర్‌ను తప్పక అడగాలి, వారంతట వారు చెప్పడం అరుదు.

సొంతంగా పాలసీ కొనుక్కునేవారికి ఒక మాట. ఇన్సూరెన్సులో క్లెయిమ్ చేస్తే మరుసటి ఏడాది ప్రీమియం పెరిగే అవకాశం ఉంటుంది, నో క్లెయిమ్స్ డిస్కౌంటు ఉన్న పాలసీల్లో మరీను. 300 పౌండ్ల ఫిజియో కోసం దాన్ని వాడుకునే ముందు, చేతి డబ్బు పెట్టుకుంటే ఎంతవుతుందో ఒకసారి వేసి చూసుకోవాలి. ఇన్సూరెన్సూ క్యాష్ ప్లానూ రెండూ లేనివారు నాలుగు సెషన్లకు డబ్బు పక్కన పెట్టుకుని, నా పరిస్థితి ఇది, నాకు నేర్పగలిగినంత నేర్పండి అని మొదటి రోజే ఫిజియోతో చెప్పుకోవడం మేలు. మంచి ఫిజియో ఎవరూ దానికి నొచ్చుకోరు. ఆ నాలుగింటినీ మూడు నెలల మీద పరిచి, ఇంట్లో చేసుకోవలసినవన్నీ కాగితం మీద పెట్టి ఇస్తారు.

ఇంజెక్షను తరువాత మార్చి, ఏప్రిల్ నెలల్లో చివరి మూడు సెషన్లు జరిగాయి. ఇప్పుడు జడ నేనే వేసుకుంటున్నాను, హుక్కు మాత్రం ఇంకా ముందు వైపు పెట్టుకుని తిప్పుకుంటున్నాను. ఆఫీసు అమ్మాయికి ఇదంతా చెప్పిన మరునాడు ఆమె తన మోకాలి కోసం ఇన్సూరెన్సు వారికి ఫోన్ చేసి, వారు పంపిన ఫారంలో రిపోర్టు ముందుగా చూస్తానన్న గడిలో టిక్ పెట్టింది. గత గురువారం జీపీ సర్జరీకి వెళ్ళి ఆ రిపోర్టు చదివింది. అందులో మోకాలి నొప్పి మొదలైన సంవత్సరం రెండేళ్ళు వెనక్కి పడి ఉంది. రిసెప్షన్ దగ్గరే నిలబడి, సరిదిద్దమని రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టి ఇచ్చి వచ్చింది.